జానెడు సందులో అద్దం

ఇంటి నుంచి,
సోమవారం పొద్దున.

బుజ్జమ్మ తల్లికి, నాన్న దీవించి రాసేది.

దొరికిందే తల్లీ, దొరికింది! మా అమ్మ దొరికింది! డెబ్బై ఏళ్లకి దొరికింది!

అక్షరాలు కోడి కెలికినట్టుంటే తిట్టుకోకు. అసలే అయిదో తరగతి చదువు, దానికి తోడు ఈ సంతోషం. "ఫోన్ చేసి చెప్పొచ్చుగా" అంటోంది మీ అమ్మ. ఫోన్లో మూడు నిమిషాల్లో ముగించాలి. ఇంత సంతోషం మూడు నిమిషాల్లో పడుతుందా?

మొదట్నుంచీ చెప్తాను. బస్ డిపో వెనక పాత శ్మశానం గేటుకి పోయిన నెల నోటీసు అంటించారు. గోడ వారన ఉన్న వరస మొత్తం తవ్వి నీళ్ల పైపులు వేస్తారట. ఎవరివాళ్ల రాయిని వాళ్లు పేరు కనబడేలా ఫొటో తీసి, వానలు మొదలయ్యేలోపు ఇస్తే, మట్టినీ రాయినీ మర్యాదగా లోపలికి మారుస్తారు. ఫొటో లేనివీ పేరు తెలియనివీ పగలగొట్టి రోడ్డు కింద వేస్తారు. అలా అని రాసుంది, ఎంత మాటో చూడు.

మనవాళ్ల రాళ్లు నాలుగూ లోపలి వరసల్లోనే ఉన్నాయి. మా తాత, నాయనమ్మ, బాబాయి, మా నాన్న. వాటికి భయం లేదు. అయినా నువ్విచ్చిన కెమెరా ఉందిగా, తీసిపెడదామని వెళ్లాను. నాలుగూ మా నాన్న చెక్కినవే. ఆఖరికి తన రాయి కూడా తనే చెక్కి, పోయిన ఏడు వేయడానికి మాత్రం కాస్త చోటు వదిలి పోయాడు మహానుభావుడు.

శ్మశానం కాపరిని ఊరికే అడిగాను, "మా అమ్మని ఎక్కడ పెట్టారో మీ కాగితాల్లో ఉంటుందా బాబూ" అని. గుడ్డ మీద అంటించిన పాత పటం ఒకటి తీసి, వేలు పెట్టి చూపించాడు. గోడ వరసలో, చివర్నుంచి ఏడోది! వెళ్లి చూస్తే అక్కడ రాయి ఉంది తల్లీ! నా నడుమెత్తు రాయి! అమ్మకి రాయే లేదని కదా మేమంతా ఇన్నాళ్లూ అనుకున్నది!

అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు, మీ పెద్దత్తకి తొమ్మిది. అమ్మ మొహం నాకు గుర్తు లేదు. అప్పటిది ఒక్కటే గుర్తుంది. మా నాన్న నా అరచెయ్యి పలక మీద ఆనించి, చుట్టూ బలపంతో గీశాడు. చక్కిలిగింత పుట్టి నేను పకపకా నవ్వాను. ఆయన నవ్వలేదు. ఎందుకు గీశాడో ఇప్పటికీ తెలియదు.

కెమెరా ఫిల్ము రోలు ఈ కవర్లోనే పెట్టాను. మీ ఫొటో స్టూడియోలో కడిగి పంపు.

మీ నాన్న


స్టూడియో నుంచి,
శుక్రవారం.

నాన్నా,

నీ ఉత్తరం డార్క్‌రూమ్ ఎర్ర లైటు కింద చదివాను, ఆగలేక. మా ఓనరమ్మ తలుపు కొట్టి "లోపల ఏడుస్తున్నావా నవ్వుతున్నావా?" అని అడిగింది. నాకే తెలియలేదు.

రోలు కడిగాను. ముప్పై ఆరు ఫొటోల్లో ఆరింటికి నీ వంకర చిటికెన వేలే హీరో. లెన్స్‌కి అడ్డం పెట్టేశావు. చిన్నప్పుడు తలుపు సందులో పడ్డ ఆ వేలు ఇంకా నీ మాట వినడం లేదన్నమాట. కెమెరాని రెండు చేతులా పట్టుకో, ఆ వేలు మడిచి పెట్టుకో. ఇంకోటి, ముత్తాత రాయి తెల్లగా మెరిసిపోతోంది. ఇటుక ముక్కతో రుద్దావా? రుద్దకు నాన్నా, అక్షరాలు అరిగిపోతాయి. నీళ్లు చల్లి, ఎండ పక్కనుంచి పడే వేళ తీస్తే చాలు. గాటుల్లో నీడ నిలిచి అక్షరాలు వాటంతటవే లేచి నిలబడతాయి.

మిగతావి బాగా వచ్చాయి. కానీ గోడ వరసలో ఏడో రాయి...

నాన్నా, దాని మీద ఎవరో బట్టల వ్యాపారి పేరుంది. నాయనమ్మది కాదు. నువ్వు చదవకుండా ఉండవు. రాసి ఉన్న కాగితం పొట్లం కట్టుకొచ్చినా చదివే మనిషివి. నాకెందుకు చెప్పలేదు?

నీ బుజ్జి


ఇంటి నుంచి,
బుధవారం.

తల్లీ,

నీ ఉత్తరం వచ్చి అయిదు రోజులైంది. కాగితం ముందు పెట్టుకుని కూర్చోవడం, లేవడం. మీ అమ్మ తెచ్చిన టీ మూడుసార్లు చల్లారింది. "కూతురికి రాయడానికి ఇంత ప్రసవ వేదనేమిటండీ" అని మందలించింది.

చదివాను. మొదటి రోజే చదివాను. చెప్పడానికి సిగ్గేసింది. మా అమ్మ నెత్తిన ఎవడిదో రాయి ఉందని కూతురికి ఎలా రాయను? చోటు దొరికిన సంతోషం నిజమే. దాన్నే పెద్దగా అరిచి చెప్పి, మిగతాది మింగేశాను.

ఇంకోటి కూడా మింగాను. అది యాభై అయిదేళ్లుగా గొంతులోనే ఉంది. ఇవాళ కక్కేస్తాను.

అమ్మ పోయిన కొద్ది రోజులకే మమ్మల్నిద్దర్నీ పిన్ని వాళ్లూరు పంపేశారు. మూడేళ్లకి తిరిగొచ్చాం. అమ్మ ఊసు మా నాన్న ఎత్తేవాడు కాదు, మమ్మల్ని ఎత్తనిచ్చేవాడూ కాదు. నాకు పందొమ్మిదేళ్లప్పుడు, ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకుంటూ ఒకరోజు పట్టలేక అడిగేశాను. "ఊళ్లో ప్రతివాడి పెళ్లానికీ రాయి చెక్కుతావు. మా అమ్మదేది?" అని. ఆయన ఉలి నూరుకుంటున్నాడు. తలెత్తకుండా "ఉందిరా" అన్నాడు. అంతే.

పరుగెత్తాను. వరస వరసా తిరిగి ప్రతి రాయీ చదివాను. ఆ బట్టల వ్యాపారి రాయి కూడా ఆ రోజు చదివే ఉంటాను. అమ్మ పేరు ఎక్కడా లేదు. తిరిగొచ్చి, పది మంది పనివాళ్లు వింటుండగా, "నువ్వు అబద్ధాలకోరువి" అన్నాను.

ఆయన ఉలి కింద పెట్టాడు. కోప్పడలేదు. కొట్టినా బాగుండేది. మర్నాడే నేను వెళ్లి కటింగ్ షాపులో చేరాను, మళ్లీ ఉలి ముట్టలేదు. ఆ తర్వాత ఆయన ఎనిమిదేళ్లు బతికాడు. ప్రతి ఆదివారం వచ్చి నా కుర్చీలో కూర్చునేవాడు. నేను గడ్డం గీసేవాణ్ణి. మెడ మీద కత్తి పెట్టించుకునేంత నమ్మకం ఉండేది మా మధ్య. మాట మాత్రం ఉండేది కాదు.

ఇప్పుడు చెప్పు. ఆయన అబద్ధమాడాడా, లేక నేను తప్పన్నానా? వానలకి ఇంకా రెండు నెలలుంది. ఆ రాయి పగలగొడితే ఈ సంగతి తేల్చేవాళ్లెవరూ ఉండరు.

నాన్న


స్టూడియో నుంచి,
ఆదివారం, సెలవు రోజు.

నాన్నా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, అయిదు రాళ్ల ఫొటోలూ పెద్దవి చేసి బల్ల మీద పరిచాను. ఇవాళ ఓనరమ్మ లేదు. భూతద్దం నాది, రాజ్యం నాది.

తాతయ్య చెక్కిన రాళ్లలో ప్రతి పంక్తి చివరా ఒక చిన్న గాటుంది, చూశావా? వడ్లగింజలా ఉంటుంది, ఒక కొన సన్నగా, ఒక కొన లావుగా. ముత్తాత రాయి మీద ఉంది. నాయనమ్మగారి అత్తగారి మీద ఉంది. చిన్నతాతయ్య మీద, తాతయ్య మీద ఉంది.

బట్టల వ్యాపారి రాయి మీద కూడా ఉంది నాన్నా. మూడు పంక్తులకి మూడు వడ్లగింజలు. అది తాతయ్య చెయ్యే.

ఇంకోటి. ఆ వ్యాపారి పుట్టిన ఏడూ పోయిన ఏడూ చదువు. పోయిన అరవై ఏళ్లకి పుట్టాడా పెద్దమనిషి? తాతయ్యకి చదువు రాదని నువ్వే చెప్పావుగా. ఎవరో కాగితం మీద రాసిస్తే, ఆ ఆకారాలు చూసి దింపేవాడని. రెండు అంకెల వరసలూ అటూ ఇటూ అయిపోయాయి. అలాంటి రాయిని ఏ వ్యాపారి కొడుకులు తీసుకుంటారు? మొహాన కొట్టి ఉంటారు. తాతయ్య వాళ్లకి వేరే రాయి చెక్కిచ్చి ఉంటాడు.

మరి చెడిపోయిన రాయి నాయనమ్మ దగ్గరికి ఎందుకొచ్చింది? రాయికి రెండు వైపులుంటాయి కదా.

నేను ఊహిస్తున్నానంతే. తప్పయితే నీకు మళ్లీ ఒక ఆశ పెట్టి లాగేసినదాన్ని అవుతాను, అందుకే భయంగా ఉంది. కానీ ఫొటోలో రాయికీ గోడకీ మధ్య సందు కనబడుతోంది. చెయ్యి పడుతుందా? ఆ గోడ ఎప్పుడు కట్టారో కాపరిని అడుగు.

బుజ్జి


ఇంటి నుంచి,
శనివారం మధ్యాహ్నం, అన్నం కూడా తినకుండా.

తల్లీ, నా తల్లీ,

చెయ్యి పట్టింది!

ఒక జానెడు సందు. గోడకి చెంప ఆనించి, భుజం దాకా దూర్చాను. కాపరి "పెద్దాయనా, పాములుంటాయి" అంటున్నాడు. ఉంటే ఉండనీ అన్నాను. మొదట నాచు తగిలింది, మెత్తగా, చల్లగా. నాచు కింద రాయి. రాయి మీద గాటు! ఒకటి, రెండు, పది, వంకీలు తిరుగుతూ కిందికీ పైకీ పోతున్నాయి. గుడ్డివాడు బిడ్డ మొహం తడుముకున్నట్టు తడిమాను. ఏం రాసుందో వేళ్లకి తెలియలేదు. కానీ ఒకచోట పంక్తి ఆగింది. ఆగినచోట వడ్లగింజ తగిలింది. చేత్తో దాన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకు తెలియదు. చుట్టూ బస్సుల హారన్లు. నాకు మాత్రం ఏమీ వినబడలేదు.

గోడ సంగతి అడిగాను. ఆ కాపరికి ముందు వాళ్ల నాన్నే అక్కడ కాపరి. "మా నాన్న వచ్చిన కొత్తల్లో, అరవై ఎనిమిదేళ్ల కిందట కట్టారండి. అంతకుముందు బాట అటువైపు ఉండేదట. వీధి వెడల్పు చేసి, బాట మింగేసి, గోడ లేపారు" అన్నాడు. అంటే మేము పిన్ని వాళ్లూళ్లో ఉన్నప్పుడు! మా అమ్మ మొహం బాట వైపే ఉండేది తల్లీ. ఆ మొహానికి అడ్డంగా గోడ కట్టేశారు. వీపు మాకు మిగిలింది.

"రాయి కాస్త తిప్పి చూద్దాం బాబూ" అంటే, "పేరున్న ఫొటో లేకుండా రాయి కదిపే అధికారం నాకు లేదండి" అన్నాడు. కదపందే ఫొటో ఎలా వస్తుంది? ఇంటికొచ్చి మంచం మీద వెల్లకిలా పడుకుని ఆలోచించాను. ఎదురుగా గోడకి నా షాపు అద్దం వేలాడుతోంది, రిటైరయిన రోజు తెచ్చుకున్నది. లేచి కూర్చున్నాను.

నలభై ఏళ్లు ఊళ్లో మగాళ్లందరికీ వాళ్ల మెడ వెనకాల వాళ్లకే చూపించిన వాణ్ణి నేను! ఎవడైనా కుర్చీలోంచి దిగేముందు చేతి అద్దం వెనక పెట్టి "సరిపోయిందా బాబూ?" అని అడగందే తువ్వాలు తీసేవాణ్ణి కాదు. నాకా చేతకానిది!

మర్నాడు మీ అమ్మని వెంటబెట్టుకుని వెళ్లాను. చేతి అద్దం కర్రకి కట్టి సందులోకి దింపాను. పెద్ద అద్దం మీ అమ్మ ఎండకి పట్టుకుని వెలుతురు లోపలికి కొట్టాలి. "పెళ్లయిన ఇన్నేళ్లకి నా చేతికి అద్దం ఇచ్చారు, అదీ శ్మశానంలో" అంది. "కుడికి, కుడికి, ఇంకాస్త కుడికి" అంటే, "నా కుడా, మీ కుడా?" అని దెబ్బలాడింది. ఇంతలో వెలుతురు సందులోకి దూరింది. అంత చీకట్లో, నాచు మధ్య, ఏదో తెల్లగా మెరిసింది.

అద్దంలో అంతా తిరగబడి ఉంది. నా కళ్లకి, నా చదువుకి అందలేదు. అద్దాన్ని పైనుంచి కిందికి కొద్దికొద్దిగా జరుపుతూ రోలంతా తీశాను. వేలు మడిచే పెట్టుకున్నాను. నువ్వే చూడాలి తల్లీ. తొందరగా.

నాన్న


స్టూడియో నుంచి,
సోమవారం.

నాన్నా,

ఈ ఉత్తరం వారం ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టు. రోలు వచ్చిన రోజే కడిగాను. కానీ ఒక్కో ఫొటోలో జానెడు ముక్కే ఉంది. నెగెటివ్ తిరగేసి ప్రింట్ చేస్తే అద్దంలో తిరగబడినది మళ్లీ సరిగ్గా వస్తుంది. అలా పదకొండు ముక్కలు ప్రింట్ చేసి, అంచులు కోసి, అట్ట మీద అతికించాను. ఒక్క మాట తప్పు రాసినా నిన్ను చంపినదాన్ని అవుతానని, అంతా అతికాక మా ఓనరమ్మని పిలిచి పైకి చదవమన్నాను. ఆవిడకి మన సంగతులేవీ చెప్పలేదు. ఆవిడ చదివింది.

నాయనమ్మ పేరే నాన్నా. పూర్తి పేరు.

అట్ట కవర్లోనే ఉంది. నిలబడి తీయకు, కూర్చో. అమ్మని పక్కన కూర్చోబెట్టుకో. ఇప్పుడు చూడు.

చుట్టూ తీగ. ఏ వ్యాపారికీ, ఏ షావుకారుకీ తాతయ్య ఇలా చెక్కలేదు. ఆకు ఆకుకీ ఈనెలున్నాయి. కానీ అక్షరాలు చూడు. అవి తాతయ్య అక్షరాల్లా లేవు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, పంక్తి పైకి ఎక్కిపోతోంది, చిన్నపిల్ల రాసినట్టు. పేరు కింద ఇంకో రెండు మాటలున్నాయి: "మా అమ్మ". ఏ రాయి మీదైనా అలా ఉంటుందా? పోయినవాళ్ల గొప్పలుంటాయి, ఏళ్లుంటాయి. ఇలా ఎవరు రాశారో నాకు అర్థం కాలేదు. పెద్దత్తని అడుగు.

ఇక అన్నిటికంటే కింద. రెండు అరచేతులు. అచ్చంగా పిల్లల చేతులంత, గీత గీసి చెక్కినట్టు. ఒకటి కాస్త పెద్దది. రెండోది మరీ చిన్నది.

ఆ చిన్న చేతికి చిటికెన వేలు వంకర, నాన్నా.

బుజ్జి


ఇంటి నుంచి,
గురువారం, మొదటి వాన పడుతుండగా.

నా కంటి వెలుగు బుజ్జమ్మకు,

ఫొటో చూసి కాపరి టోపీ తీశాడు. ఆఫీసువాళ్లు ముగ్గురు ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు. నిన్న ఆరుగురు మనుషులు, గడ్డపారలు, తాళ్లు. నెమ్మదిగా, నిద్రపోయే బిడ్డని పక్క మార్చినట్టు తీశారు. లోపలి వరసలో పెట్టారు, మొహం బాటకి. వాళ్లకి నేనేమీ చెప్పలేదు, వాళ్లంతట వాళ్లే తువ్వాళ్లతో నాచు తుడిచారు.

మీ పెద్దత్తని రిక్షాలో తీసుకొచ్చాను. ఎనభై ఏళ్ల మనిషి. రాయి ముందు నిలబడి, అక్షరాలు చూసి, "ఇది నా రాతరా!" అంది. అమ్మ పోయిన వారానికి మా నాన్న పలక తెచ్చి, "అమ్మ పేరు రాయి తల్లీ" అన్నాడట. చదువు నేర్చుకుంటాడేమో అనుకుందట. పేరు రాసి, చోటు మిగిలిందని "మా అమ్మ" అని కూడా రాసిందట. ఆయనకి చదవడం రాదు కదే! ఏది పేరో ఏది కాదో తెలియదు. కూతురు రాసిందంతా రాసినట్టే, వంకర వంకరగానే, ఒక్క గీత వదలకుండా చెక్కేశాడు. షావుకార్ల అక్షరాలు సాపు చేసేవాడు, దీన్ని మాత్రం చేయలేదు.

ఉందని చెప్పినవాడు, ఎక్కడో ఎందుకు చూపించలేదా అని రాత్రంతా ఆలోచించాను. చూపించాలంటే, చెడిపోయి తిరిగొచ్చిన రాయి మా అమ్మకి పెట్టానని నాతో చెప్పాలి. కొత్త రాయి కొనే స్తోమత లేదని కొడుకు ముందు, పనివాళ్ల ముందు ఒప్పుకోవాలి. దానికంటే అబద్ధాలకోరు అనిపించుకోవడమే నయం అనుకున్నాడు. నేను ఆయన కొడుకుని, నాకు తెలుసు. నేనూ నీ దగ్గర అలాగే దాచాను కదా.

నా చెయ్యి తీసుకెళ్లి ఆ చిన్న చేతి మీద పెట్టాను. నా అరచేతి మధ్యలో ఇమిడిపోయింది, పిట్టపిల్లలా. చక్కిలిగింత పుట్టింది తల్లీ. డెబ్బై ఏళ్ల కిందటి చక్కిలిగింత. ఈసారి నవ్వు రాలేదు. అంత గట్టి రాయి అంత మెత్తగా ఎలా అయిందో, ఆ మనిషి ఎన్ని రోజులు ఒక్కడే కూర్చుని నా చిటికెన వేలు చెక్కాడో అనిపించి, అలాగే ఉండిపోయాను. మీ పెద్దత్త కూడా ఆ పక్కనున్న పెద్ద చేతి మీద తన చెయ్యి పెట్టింది. ముసలివాళ్లిద్దరం పలక ముందు పిల్లల్లా నిలబడ్డాం. వాన చినుకులు పడ్డా కదల్లేదు.

ఇప్పుడు ఈ కబురు చెప్పాల్సినవాళ్లు. ఒక్కరినీ వదలకు. అందరికీ ఫొటో ఒక్కోటి ప్రింట్ తీసి పంపు:

పిన్ని కొడుకు, మా తమ్ముడు. చిన్నప్పుడు "మీ అమ్మకి రాయి లేదుగా" అని ఏడిపించేవాడు. వాడికి పెద్ద సైజు పంపు.

బాబాయి కూతుళ్లు ఇద్దరికీ. ఒకరికి ముందు చెప్తే రెండోది అలుగుతుంది, ఒకే రోజు పోస్టు చెయ్యి.

మీ మేనమామ. ఆయనకి మీ అమ్మ చెప్తానంటోంది. అద్దం పట్టింది తనే కాబట్టి ఆ కథ తనదేనట.

మీ అన్నయ్య, వదిన. పిల్లల చేతులు పలక మీద పెట్టి గీయించి పంపమను. నాకు కావాలి.

అల్లుడుగారికి నమస్కారంతో సహా. నెగెటివ్ తిరగేయడం ఏమిటో ఆయనకి అర్థమయ్యేలా నువ్వే చెప్పు, నావల్ల కాదు.

మీ ఓనరమ్మ. చుట్టం కాదంటావేమో. మా అమ్మ పేరు మొదటిసారి పైకి చదివింది ఆవిడ, ఇకనుంచి చుట్టమే.

మీ పెద్దత్తకి చెప్పక్కర్లేదు, చూసేసింది. కానీ ఇంటికెళ్లి మళ్లీ అడిగింది, "నిజంగా నా రాతేనా?" అని. అందుకని ఆమెకి కూడా ఒక ఉత్తరం రాయి, పెద్ద అక్షరాలతో.

మీ తాతయ్యకి నేనే చెప్పొచ్చాను. రెండు వరసల అవతలే కదా. చేతి అద్దం కూడా తీసుకెళ్లాను, ఎందుకో వదలబుద్ధి కాలేదు. ఆయన రాయి ముందు కూర్చుని, "ఉంది నాన్నా" అన్నాను.

మీ నాన్న